నాలుక నల్లబడితే నష్టమేమీ లేదు

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా బ్లూబెర్రీల మాటే నడుస్తోంది. 125 గ్రాముల డబ్బాను మూడు వందలు పోసి కొని, పిల్లలకు లెక్కపెట్టి తినిపించేవారిని నేను తప్పుపట్టను. ఆ పండు మంచిదే. కానీ ఆ తల్లిదండ్రులే మల్లేశ్వరంలో తోపుడుబండి మీద నేరేడు పండ్లు కనిపిస్తే, నాలుక నల్లబడుతుందంటూ పిల్లలను పక్కకు లాక్కెళ్లడం చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

నాలుకకు అంటుకునే ఆ రంగులోనే ఉంది అసలు సంగతి. బ్లూబెర్రీకి నీలిరంగునిచ్చే ఆంథోసయనిన్లలోని డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ రకాలు నేరేడులోనూ ఉన్నాయి. మొన్న ఆదివారం మా అమ్మాయి తెల్ల గౌను మీద నేరేడు రసం పడితే, సబ్బు తగలగానే ఊదా మరక నీలంగా మారింది, నిమ్మచెక్కతో రుద్దగానే మళ్లీ ఎర్రబడింది. పులుపుకు ఎరుపెక్కడం, క్షారానికి నీలంగా తిరగడం ఈ వర్ణకాల స్వభావం.

వీటివల్ల మేలుందా అంటే, ఆధారాలు ఆశాజనకంగానే ఉన్నాయి. అమెరికాలో సుమారు 93,600 మంది నర్సులను 18 ఏళ్లపాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆంథోసయనిన్లు ఎక్కువగా తిన్నవారిలో గుండెపోటు ముప్పు దాదాపు మూడోవంతు తక్కువగా కనిపించింది. అది పరిశీలన మాత్రమే కనుక, పండే కాపాడిందని అంతటితో తేల్చలేము. పైగా ఈ వర్ణకాలు చెక్కుచెదరకుండా రక్తంలో చేరేది చాలా కొద్దిగానే. మిగిలినవాటిని పేగుల్లోని సూక్ష్మజీవులు చిన్న చిన్న ఫినోలిక్ పదార్థాలుగా విడగొడతాయి. అందుకే గాజునాళికలో కొలిచిన యాంటీఆక్సిడెంట్ అంకెలను డబ్బా మీద అచ్చువేసి బెర్రీ మాత్రలు అమ్మడం నాకు అన్యాయంగా తోస్తుంది. అలాంటి అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది.

నేరేడు పేరుతో జరిగే అతి ఇంకా ప్రమాదకరం. గింజల పొడి చాలునని ఎవరో చెబితే మా పెదనాన్నగారు మధుమేహం మాత్రలు మానేశారు, మూడు వారాల్లో చక్కెర పెరిగిపోయి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఇప్పుడు ఆయన మాత్రలు వేళకు వేసుకుంటున్నారు. డాక్టరును అడిగే, మధ్యాహ్నం పూట గుప్పెడు నేరేడు పండ్లు తొక్కతో సహా తింటున్నారు. నేరళె హణ్ణు (కన్నడంలో నేరేడు పండు) ఇంకో రెండు వారాలే వస్తుందని బండి ఆమె చెప్పడంతో, నిన్న ఆయన కోసం అరకిలో తీసుకున్నాను.