‘గట్టిగా’ అంటే ఎంత గట్టిగా?

కారు సైలెన్సర్ పైపు మనమే మార్చుకోవడం గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ చివర్లో ‘బోల్టులు బాగా గట్టిగా బిగించండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు చిక్కంతా అక్కడే కదండీ! నేనూ అలాగే బలమంతా చూపించబోయి మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్ పైపులోకి చేర్చే భాగం) స్టడ్ (తల లేని బోల్టు) ఒకటి విరగ్గొట్టాను. పది నిమిషాల పని కాస్తా, ఆ ముక్కను డ్రిల్లు చేసి తీసేసరికి రోజంతా పట్టింది.

ఈ బోల్టులు వందల డిగ్రీల వేడికి సాగి, చల్లారాక మళ్లీ కుంచించుకుపోతుంటాయి. వదులుగా ఉంటే గ్యాస్ లీకై టిక్‌టిక్‌మని చప్పుడు వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరే ప్రమాదం కూడా ఉంది. మరీ బిగిస్తే ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో మరలు చెడిపోతాయి. చాలా కార్లలో మరల దగ్గర 8 ఎంఎం మందం ఉండే బోల్టుకి సుమారు 20-25 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పి బిగించే బలం) చాలు. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం చేసుకోండి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. మరలకు యాంటీ సీజ్ (అవి పట్టేయకుండా పూసే పేస్టు) పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. మాన్యువల్‌లోని అంకె పొడి మరలకైతే కాస్త తగ్గించాలి.

ఇంజిన్ చల్లారాకే పని మొదలుపెట్టండి. మానిఫోల్డ్‌ను మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. టార్క్ రెంచ్ (టార్క్‌ను కొలిచి చెప్పే స్పానర్) ‘క్లిక్’ అనగానే ఆపేయండి. ‘ఇంకొక్క చుట్టు’ అనిపిస్తుంది చూడండీ, నా స్టడ్ విరిగింది సరిగ్గా ఆ చుట్టులోనే.