వారంటీకి రాష్ట్ర సరిహద్దు ఎవరు గీశారు?

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో ఉండే మేము కారు కొనాలంటే అటు శ్రీకాకుళమో విశాఖపట్నమో, ఇటు ఒడిశాలోని బరంపురమో వెళ్ళాలి. పాతపట్నం దాటితే తెలుగులో బేరమాడుకోవచ్చు కనుక మాలో చాలామంది ఆంధ్ర వైపే కొని, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో బండి తెచ్చుకుని, ఇక్కడ మా గజపతి జిల్లా ఓడీ 20 నంబరు వేయించుకుంటారు. ఇది పూర్తిగా చట్టబద్ధమైన పద్ధతే. అమ్మేటప్పుడు షోరూమ్ వారికీ ఎటువంటి అభ్యంతరమూ ఉండదు. హ్యాండ్లింగ్ చార్జీల పేరుతో, ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలన్న ఒత్తిడితో వాళ్ళు గుంజేది వేరే కథ. అభ్యంతరాలన్నీ బండి మొరాయించాకే మొదలవుతాయి.

మా కారు స్పీడ్ బ్రేకర్ మీదికి నెమ్మదిగా ఎక్కినా సరే, ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తోంది. కొన్నచోటికి తీసుకెళ్తే, నంబర్ ప్లేటు చూసి, ‘ఒడిశా బండి కదండీ, బరంపురంలో చూపించుకోండి’ అన్నారు. నరసన్నపేట దగ్గర హైవే ఎక్కి ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వెళ్తే, అక్కడి వారు బిల్లు చూసి, ‘క్లెయిమ్ అమ్మినవాళ్ళే పెట్టాలి సార్, అక్కడికే పట్టుకెళ్ళండి’ అన్నారు. ఇద్దరు చెప్పినదీ అబద్ధమే. వారంటీ ఇచ్చేది కంపెనీ, డీలర్ కాదు. దేశంలోని ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా అది చెల్లుతుందని నా చేతిలో ఉన్న వారంటీ పుస్తకంలో స్పష్టంగా ఉంది.

ఇంతకంటే ఎక్కువ కోపం తెప్పించింది, చివరికి బండి చూస్తామన్నచోట రాసిన జాబ్ కార్డు, అంటే సర్వీసుకు ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకునే కాగితం. చప్పుడు ఎక్కడ వస్తోందో, ఏ వేగంలో వస్తోందో నేను వివరంగా చెబుతుంటే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో కొట్టిన మాటలు రెండే: ‘జనరల్ చెకప్’. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తేనే సంతకం పెడతానంటే, ‘సిస్టమ్ తీసుకోదు సార్’ అన్నాడు. సాయంత్రానికి బండి కడిగి, తుడిచి, ‘ఈ మోడల్ అన్నిటికీ ఇంతే, నార్మల్’ అని తాళాలు చేతిలో పెట్టారు. గేటు బయటి మొదటి గతుకులోనే మళ్ళీ అదే చప్పుడు. ఆ రెండు మాటల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. వారంటీ గడువు ముగిశాక ఆ భాగం పూర్తిగా పాడైతే, ఈ లోపం గడువులోనే బయటపడిందని రుజువు చేయడానికి మన దగ్గర ఒక్క కాగితమూ మిగలదు. ఇంగ్లీషులో ఉన్న ఆ కార్డు చదవలేక, వేలు చూపించినచోట సంతకం పెట్టి వచ్చేవారు మా జిల్లాలో ఎంతమంది ఉన్నారో తలచుకుంటే బాధగా ఉంటుంది.

పైగా, బయటి మెకానిక్ చెయ్యి పడితే వారంటీ పోతుందని బెదిరింపు. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయట పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టరాదనీ, ఆ పని వల్ల నష్టం జరిగితేనే ఆ మేరకు తప్పించుకోవచ్చనీ చెప్పింది. మా ఊరి మెకానిక్ హారన్ మార్చినందుకు సస్పెన్షన్ చెడిపోయిందనడం ఏ లెక్కన న్యాయం?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కారు ఎక్కడ కొన్నా, మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే డీలర్‌నూ కంపెనీనీ కలిపి ప్రతివాదులుగా చేర్చి కేసు వేయవచ్చు. 50 లక్షల రూపాయల వరకు పెట్టిన కొనుగోళ్ళు జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి. 5 నుంచి 10 లక్షల మధ్య కారుకైతే రుసుము 200 రూపాయలే. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలలోపు వేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ముందే చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోవడం మంచిది.

చప్పుడు గురించి కంపెనీకి ఈమెయిల్‌లో రాశాను, వీడియో జతచేశాను, జాబ్ కార్డులో ఏమి రాయడానికి నిరాకరించారో కూడా చెప్పాను. సరైన జవాబు రాకపోతే పర్లాకిమిడి కమిషన్‌లోనే కేసు వేస్తాను. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇలాగే రెండు రాష్ట్రాల మధ్య తిప్పించుకున్నవారు ఉంటే, తమ జాబ్ కార్డు ఫొటోను, పేరూ ఫోన్ నంబరూ కనిపించకుండా చేసి, కింద పెట్టండి. నా ఫిర్యాదుతోపాటు కంపెనీకి పంపుతాను.