లెక్కపెట్టేవారు ఫుట్‌పాత్ అంచున నిలబడాలి

పాదచారుల కదలికను ముందుగా కంప్యూటర్‌లో లెక్కగట్టి ఆ తరువాత వీధికి రూపకల్పన చేసే పద్ధతి మీద నాకు గౌరవమే ఉంది. నా పేచీ అంతా ఆ లెక్కలోకి మన చెన్నైలో నడిచేవాళ్లలో ఎవరు చేరుతున్నారు, ఎవరు జారిపోతున్నారు అన్న దాని గురించే.

పరిశోధకులు డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ 1995లో ప్రతిపాదించిన సామాజిక బల నమూనా ఈ రంగంలో బాగా పేరున్నది. ప్రతి మనిషినీ గమ్యం తన వైపు లాగుతుందని, ఎదుటి మనుషులూ గోడలూ పక్కకు నెడతాయని అనుకుని సమీకరణాలు రాస్తే చాలు, ఎదురెదురుగా వచ్చే రెండు గుంపులు ఎవరూ చెప్పకుండానే పాయలుగా విడిపోయి సాగుతాయి. టి.నగర్ రంగనాథన్ వీధిలో ఏ సాయంత్రం చూసినా ఇది కళ్లకు కడుతుంది. మాంబళం స్టేషన్‌కు పోయేవారు ఒక పాయ, ఉస్మాన్ రోడ్డుకు వచ్చేవారు మరొక పాయ. మధ్యలో ఎవరైనా చీరల సంచి కింద పెట్టి బేరానికి నిలబడితే పాయ చీలి, వారిని దాటగానే మళ్లీ కలిసిపోతుంది.

అయితే ఆ సమీకరణాల్లో వేసే అంకెలు అన్ని దేశాలకూ ఒకటి కావు. జర్మనీలోనూ మన దేశంలోనూ మనుషులను ఒకే వరుసలో నడిపించి పోల్చిన పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. మనవాళ్లు ముందువారికి మరింత దగ్గరగా నడుస్తారని, రద్దీ పెరిగినా వారి వేగం జర్మన్లంతగా తగ్గదని అందులో తేలింది. తిరుమల క్యూలో ఒక్కసారైనా నిలబడినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. కాబట్టి పరాయి నగరంలో కొలిచిన అంకెలను మన వీధికి యథాతథంగా దించుకోవడం కుదరదు.

అసలు చిక్కు నేల దగ్గర ఉంది. ఈ నమూనాలు సాధారణంగా నేలను చదునైన కాగితంగా గీస్తాయి. గోడలు ఉంటాయి గానీ ఎత్తుపల్లాలు ఉండవు. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు ఫుట్‌పాత్‌పై అడ్డంకులు లేని 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని చెప్పాయి. మా పిన్నితో కలిసి నేను నడిచే వీధిలో టేపు పెడితే ఆ వెడల్పు దొరుకుతుంది. కానీ కాస్త దూరంలోనే కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన సైడ్ స్టాండ్ వేసిన మోటారు సైకిళ్లు, ఆ తరువాత ఎవరో తమ కారు లోపలికి ఎక్కించుకోవడానికి పోసుకున్న సిమెంటు వాలు. పిన్ని ఒక బండి సీటు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో కాలే రోడ్డు మీదికి దించుతుంది. అడ్డంకి దాటాక చెయ్యి అందిస్తే, “మళ్లీ ఎక్కడం నా వల్ల కాదురా, ఇట్లాగే పోదాం” అంటుంది. పిన్నికి మోకాళ్ల నొప్పులు సరే, నిక్షేపంగా నడవగల కుర్రవాళ్లు సైతం ఒకసారి దిగాక మళ్లీ ఎక్కరు.

ఇప్పుడు ఆ ఫుట్‌పాత్ మీద నిలబడి సర్వే చేస్తే దాని మీద నడిచేవారు అతి తక్కువని తేలుతుంది. రోడ్డు మీద బస్సుకు ఒరుసుకుంటూ పోతున్న జనమంతా వాహనాలకు అడ్డుపడేవారి పద్దులో పడతారు. నడిచేవారే లేని ఫుట్‌పాత్ ఎందుకని దాన్ని పార్కింగ్‌కు ఇవ్వమనే వాదన ఆ తరువాత సులువుగా పుడుతుంది.

సిగ్నల్ దగ్గరా ఇదే అన్యాయం. దాటేవారి వేగం సెకనుకు 1.2 మీటర్లని అనుకుంటే 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు చాలు. 0.8 మీటర్లతో నడిచే పెద్దావిడకు 30 సెకన్లు కావాలి. ఆ పది సెకన్లు ఆమె ఎదురుగా హారన్లు మోగిస్తున్న బళ్ల మధ్య గడపవలసిందే.

జాన్ ఫ్రూయిన్ అనే పరిశోధకుడు 1971లో రద్దీని ఎ (హాయిగా నడవగలిగేంత ఖాళీ) నుంచి ఎఫ్ (కదలడమే కష్టమయ్యేంత రద్దీ) వరకు అంచెలుగా విభజించిన పద్ధతి మెట్రో స్టేషన్ మెట్లకు చక్కగా సరిపోతుంది. బజారుకు అదే కొలబద్ద పెడితే మాత్రం నాకు నవ్వొస్తుంది. అక్కడ మెల్లగా నడవడం, ఆగడం, వెనక్కి తిరిగి ధర అడగడం కోసమే కదా జనం వచ్చేది. 2019లో టి.నగర్‌లోని పాండీ బజార్‌లో రోడ్డును కుదించి ఫుట్‌పాత్‌లను వెడల్పు చేశాక కుటుంబాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. 2023లో మాంబళం స్టేషన్ నుంచి టి.నగర్ బస్ స్టాండ్‌కు వేసిన ఆకాశ నడకదారి రైలు దిగి బస్సు ఎక్కేవారికి మేలే చేసింది. దుకాణాలకు వచ్చినవారు మాత్రం కింది వీధిలోనే నడవాలి గనుక, పైన వంతెన ఉందని కింది ఫుట్‌పాత్‌ను వదిలేయడం తగదు.

నేను అడిగేది పెద్ద పనేమీ కాదు. సర్వే చేసేవారిని ఫుట్‌పాత్ అంచున నిలబెట్టి, ఎక్కడ ఎంతమంది దిగారో, వారిలో ఎంతమంది మళ్లీ ఎక్కారో విడివిడిగా రాయించాలి. ప్రతి అంచు ఎత్తునూ, ప్రతి అడ్డంకినీ నమూనాలో చేర్చాలి. మామూలు పనిదినంతో సరిపెట్టకుండా దీపావళి ముందటి ఆదివారం, వాన పడి నీళ్లు నిలిచిన ఉదయం కూడా లెక్కించాలి.