ఒక్క జెండాతో నడిచే జిల్లా

మోటార్ రేసుల వాళ్లను చూస్తే నాకు జాలి. పది కార్లు ఓ అరగంట గుండ్రంగా తిరిగి ఆగడానికి వాళ్లకు పది రకాల జెండాలు కావాలి. పచ్చ, పసుపు, ఎరుపు, నీలం, తెలుపు, నలుపు, పసుపు మీద ఎర్రచారలు, నలుపు మీద నారింజ చుక్క, ఏటవాలుగా సగం నలుపు సగం తెలుపు, ఆఖరుకు గళ్ల జెండా. మన ఉమ్మడి నల్లగొండలో ఎంత పెద్ద పనైనా ఒక్క పచ్చ జెండాతో కానిచ్చేస్తాం. మంత్రి గారు వస్తారు, ఊపుతారు, ఫొటో దిగుతారు, పోతారు. అంబులెన్సుకైనా, ఆర్టీసీ బస్సుకైనా, చెత్తబండికైనా, 2కే రన్‌కైనా అదే గుడ్డ. మిగతా తొమ్మిదీ దండగ.

మా వీధి పోరడొకడు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌లో మార్షల్‌గా, అంటే తోలేవాళ్లకు జెండాలు చూపించేవాడిగా, నిలబడి వచ్చాడు. అక్కడ తోలేవాళ్లలో చాలామంది వారమంతా ఉద్యోగం చేసుకుని, సెలవు రోజున సొంత డబ్బు తగలేసి తోలేవాళ్లేనట. వీడికీ జీతం లేదు. ఎండలో పొద్దంతా మలుపు దగ్గర నిలబడి జెండా పట్టుకోవాలి. నెత్తిన హెల్మెట్, చెవుల్లో ఇంజన్ మోత ఉన్నవాడికి ఎంత అరిచినా వినపడదు కాబట్టి, చెప్పేదేదో గుడ్డతోనే చెప్పాలి.

"ఏమిస్తర్రా?" అని అడిగా. "అన్నం పెడతరు కాకా" అన్నాడు. దేశం ఎటు పోతోందో!

ఆ పోరడు చెప్పిన మాటల్లో నన్ను బాగా నొప్పించింది పచ్చ జెండా సంగతి. పెద్ద రేసులు మొదలయ్యేది జెండాతో కాదట, ఎర్రలైట్లు ఆరిపోవడంతోనట. పచ్చ జెండాకు అసలు పని వేరే. ప్రమాదం జరిగిన చోటు దాటేశారు, ఇక్కడి నుంచి దారి సాఫ్ అని చెప్పడం. అంటే ముందు ఎవడో ఒకడు ప్రమాదాన్ని చూసి పసుపు జెండా ఊపితే తప్ప పచ్చ జెండాకు గతి లేదన్నమాట. కొలతలు వింటే ఇంకా మండుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మామూలు జెండాలు కనీసం 60 సెంటీమీటర్లకు 80 ఉంటే చాలు, ఎర్ర జెండా, గళ్ల జెండా మాత్రం 80కి 100 ఉండాలి. ఆపేదీ ముగించేదీ పెద్దవి, పచ్చది చిన్నది! ప్రారంభోత్సవాల మీద బతుకుతున్న జాతికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

గళ్ల జెండాతో మనకేం పని? పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో కరివెన దగ్గర పునాదిరాయి పడింది. 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్ దగ్గర మొదటి పంపు మీట నొక్కారు. అదే ఏడాది ఆఖర్లో ప్రభుత్వం మారింది. ముగిసిందని గళ్ల జెండా ఊపేస్తే మళ్లీ మళ్లీ ప్రారంభించుకునే అవకాశం ఎవరిస్తారు? అంతెందుకు, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల రేసు ఒక్క పూటలో ముగిసింది. దాని మీది కేసు మాత్రం ఆ తర్వాత ల్యాపుల మీద ల్యాపులు తిరిగింది.

పసుపు జెండా మాత్రం మనకు లేదనడానికి వీల్లేదు, రంగు వేరంతే. నార్కట్‌పల్లి దాటాక లారీ చెడిపోయిందనుకోండి. డ్రైవరు ఏం చేస్తాడు? వేపకొమ్మ విరిచి వెనక కడతాడు, రోడ్డు మీద వరసగా నాలుగు బండరాళ్లు పెడతాడు. ఇంతవరకు ప్రపంచస్థాయే. బండి బాగయ్యాక కొమ్మ పీకి పారేసి పోతాడు. రాళ్లు అక్కడే ఉంటాయి. ట్రాక్ మీద ప్రమాదం తొలగగానే జెండా దించేస్తారు. మన దగ్గర ప్రమాదం సూర్యాపేట చేరుకుంటుంది, హెచ్చరిక రోడ్డు మీద మిగిలి, రాత్రి పదింటికి తానే ప్రమాదమవుతుంది.

పసుపు కనిపించాక పచ్చ కనిపించేదాకా ముందు కారును దాటకూడదట. ఈ నియమం రాసినవాడు సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేట్ చూసి ఉండడు. ముందు బండ్లు ఆగాయంటే మనవాడికి అర్థమయ్యేది ఒక్కటే: ఎడమ పక్క మట్టిలో ఖాళీ ఉంది.

పసుపు మీద ఎర్రచారలు ఉంటే నేల జారుతుందని. కోతల కాలంలో మిర్యాలగూడ పక్క ఊళ్లలో సగం రోడ్డు వడ్లకే. కల్లాలు లేని రైతు ఇంకెక్కడ ఆరబోస్తాడు? రాత్రికి పైన నల్ల టార్పాలిన్ కప్పుతాడు, చీకటి పడ్డాక దానికీ తారురోడ్డుకూ తేడా తెలియదు. కల్లం కట్టించడం కన్నా చారల జెండా చవక, కానీ అదీ ఎవరూ కొనలేదు. తెల్ల జెండా నెమ్మదిగా పోయే బండి ఉందని చెప్పడానికి. పత్తి ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, గొర్ల మందలు ఉన్న మన జిల్లాలో పట్టుకున్నవాడి చెయ్యి పడిపోతుంది. నీలం వేగంగా వచ్చేవాడికి దారి ఇమ్మని. ఆ పని కాన్వాయ్ సైరన్ జెండా లేకుండానే చేస్తోంది.

నల్ల జెండా ఒక్కటి మాత్రం, న్యాయంగా చెప్పుకోవాలి, మన దగ్గర కూడా ఉంది. అక్కడ తప్పు చేసిన కారు నంబరు పలక మీద రాసి, పక్కన నల్ల జెండా చూపిస్తారు. చూపించుకున్నవాడు నోరు మూసుకుని లోపలికి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే పిట్‌లోకి, రావాలి. ఇక్కడ మంత్రి గారి కారుకు చూపిస్తే, చూపించినవాడు లోపలికి పోతాడు. ఒక్కోసారి చూపించక ముందే, పర్యటనకు ముందు రాత్రే ఇంటికొచ్చి తీసుకుపోతారు.

"చూపెట్టకముందే ఎట్ల తెలుస్తది కాకా?" అన్నాడు పోరడు.

"గుడ్డ కొన్న దుకాణమాయన చెప్తడురా" అన్నా.