గట్టు అంచున ఓ ఊరు

ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్ఫోక్‌లో, సముద్రపు గట్టు మీద హేజ్‌బరా అనే చిన్న పల్లె ఉంది. పాత చర్చి, ఎర్ర పట్టీల తెల్లటి లైట్‌హౌస్, చుట్టూ పొలాలు. హడావుడి లేని ఊరు. ఆ గట్టు మాత్రం రాయి కాదు, ఇసుకా బంకమన్నూ. వానకు పైన నానుతుంది, కింద అలలు తొలుస్తాయి. పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. గత కొన్ని దశాబ్దాల్లో 30కి పైగా ఇళ్లు కడలిపాలయ్యాయి.

ఊరు నెమ్మదే కానీ చేతులు ముడుచుకునే రకం కాదు. 1790 నాటి లైట్‌హౌస్‌ను 1988లో మూసేస్తామంటే గ్రామస్థులు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 1990లో పార్లమెంటు చట్టంతో ట్రస్టు ఏర్పడింది. అప్పటి నుంచి ఆ దీపం బాధ్యత దానిదే. 1801లో ఆ తీరంలో యుద్ధనౌక మునిగితే, కొట్టుకొచ్చిన 119 మంది నావికులను ఈ చర్చి ఆవరణలోనే పూడ్చారు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు సైతం చోటిచ్చిన ఊరది.

అలాంటి ఊరిని సర్కారు లెక్కలు ఓడించాయి. 1959 నాటి చెక్క అడ్డుకట్టలు 1990లలో శిథిలమయ్యాయి. మళ్లీ కట్టే ఖర్చు, దక్కే ఆస్తి విలువ తూకం వేస్తే ఊరు తేలిపోయింది. ఈ తక్కెడలో చిన్న పల్లె ఏనాడూ నెగ్గదు. కోతకు పోయిన ఇంటికి అక్కడ పరిహారం హక్కు లేదు. కూల్చివేత ఖర్చుకు మాత్రం 6,000 పౌండ్ల దాకా ఇస్తారు! అయితే అంచున మిగిలిన 9 ఇళ్లను స్థానిక కౌన్సిల్ ప్రయోగాత్మక పథకం కింద కొని తొలగించింది. ఇల్లు కూలకముందే కొనడం, మాకు నచ్చిన పద్ధతి అదే.

మన ఉప్పాడలో గట్టు లేకపోయినా గోడు ఒకటే. తుపాను వస్తే బీచ్ రోడ్డు దెబ్బతింటుంది, బండరాళ్లు పోస్తారు, మళ్లీ తుపాను. 15వ ఆర్థిక సంఘం 2021–26కు కోత నివారణకు రూ.1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి రూ.1,000 కోట్లు సిఫార్సు చేసింది. అలాంటి నిధులు ఉప్పాడకు అందాలి. అలలు గడప తాకకముందే స్థలం సేకరించాలి. మత్స్యకారులు నడిచి పడవ దగ్గరకు వెళ్లగలిగేంత దూరంలో, ఇరుగుపొరుగు చెదరకుండా, జాందానీ మగ్గానికి చోటుండేలా ఇళ్లు కట్టించాలి. ఎక్కడ కట్టాలో ముందు గ్రామసభలో అడగాలి.