రాతిదుమ్ముకు బెల్లం విరుగుడు కాదు

టెక్కలి, మెళియాపుట్టి క్వారీల్లో పనిచేసే మిత్రులు ఒకరి తరువాత ఒకరు ఒకే సందేశాన్ని పంపుతున్నారు. రాతికి కన్నాలు పెట్టే డ్రిల్లును 1871లో ఇంగర్సాల్ అనే అమెరికన్ ఒక్కడే కనిపెట్టాడనీ, యంత్రం రాకముందు రాతిపనివారికి ఊపిరితిత్తుల జబ్బు లేదనీ, డ్రిల్ రాడ్డులోంచి నీరు పంపేది రాతిని తొలిచే కొన, అంటే బిట్టు, చల్లబడటానికేననీ, నీరు లేనిచోట ముఖానికి తడి తువ్వాలు, సాయంత్రం బెల్లం ముక్క చాలుననీ అందులో ఉంది.

మొదటి మాట నిలవదు. అమెరికాలో కౌచ్ అనే ఆయన చేసిన ఆవిరి డ్రిల్లు 1849 నాటిది. ఆల్ప్స్ పర్వతాల కింద సొమెయే అనే ఇంజినీరు గాలి డ్రిల్లులు 1861 నుంచే సొరంగం తొలిచాయి.

రెండోదానిలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. ఉలి, సుత్తి కాలంలోనే, 1556లో, గని దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని గనుల మీద పుస్తకం రాసిన జర్మన్ పండితుడు అగ్రికోలా చెప్పాడు. కానీ ఆ దుమ్మును ఎన్నో రెట్లు పెంచింది మాత్రం యంత్రమే. 1890ల చివర అమెరికాలో లేనర్ అనే ఆయన బోలు రాడ్డులోంచి గాలి పంపే డ్రిల్లు తెస్తే, ఎగజిమ్మిన దుమ్ముకు తాళలేక కార్మికులు దాన్ని వద్దన్నారు. అప్పుడాయన గాలితోపాటు నీటినీ అదే రాడ్డులోంచి పంపాడు.

కాబట్టి మూడో మాట పచ్చి అబద్ధం. నీరు దుమ్మును అది పుట్టే చోటనే, కన్నం అడుగునే, బురదగా మార్చడానికి వచ్చింది. చల్లదనమే దాని పనైతే, వేడిని బాగా తట్టుకునే టంగ్‌స్టన్ కార్బైడ్ బిట్లు 1940లలో వచ్చాక గనుల్లో నీటిని ఎందుకు ఆపలేదు? 1930లో అమెరికాలోని హాక్స్ నెస్ట్ సొరంగంలో నీరు లేకుండా తొలిపించారు. వందలమంది కూలీలు సిలికోసిస్‌తో, అంటే రాతిదుమ్ములోని సిలికా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో, చనిపోయారు.

ఇక తువ్వాలు, బెల్లం. ప్రాణం తీసే సిలికా రేణువు మైక్రాన్లలో ఉంటుంది, కంటికి కనిపించదు, నేతగుడ్డ సందుల్లోంచి సులువుగా దూరుతుంది. ఊపిరితిత్తి చివరి గాలితిత్తుల్లో చేరి, దాన్ని మింగిన ఒంటి రక్షక కణాలనే చంపి, ఊపిరితిత్తిని మచ్చకట్టి గట్టిపడేలా చేస్తుంది. బెల్లం వెళ్ళేది కడుపులోకి. అక్కడినుంచి ఆ మచ్చను కరిగించడానికి అది ఏ దారిన వెళుతుంది? ఈ మాట నమ్మి పొడి డ్రిల్లు పట్టుకునే ఇరవయ్యేళ్ళ కుర్రవాడికి జవాబుదారీ ఎవరు? సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు.

చట్టం ప్రకారం ఇది నోటిఫైడ్ వ్యాధి, అంటే వస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. కార్మికులకు నిర్ణీత కాలానికి వైద్యపరీక్ష చేయించడం యజమాని బాధ్యత. ఆ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే చేయించమనీ, డ్రిల్లుకు గాలి పంపే కంప్రెసర్ పక్కన నీటి ట్యాంకు పెట్టమనీ అడగండి. ఈ సందేశాన్ని మాత్రం ఎవరికీ పంపకండి.