గట్టు గీకేస్తే కముజు గుడ్డెక్కడ పెడుతుంది?

లంకల్లో కముజు (తిత్తిరి పిట్ట) కూత వినబడటం లేదు, చెవులపిల్లి (అడవి కుందేలు) కనబడటం లేదు, మినుము చేలో అడుగేస్తే బుర్రుమని లేచే పూరేళ్లు లేవు అని డెల్టాలో ఎవరిని కదిపినా చెబుతారు. వెంటనే ఉచ్చులు పెట్టేవాళ్ల మీదకి వేలు చూపిస్తారు. వేట తప్పే, అందులో రెండో మాట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన సొంత పొలంలోనైనా వీటిని పట్టకూడదు. గుడ్లు తీసినా, గూడు పాడుచేసినా ఆ చట్టం దాన్ని వేట కిందే లెక్కేస్తుంది. కానీ రేపట్నించి ఒక్క ఉచ్చు, ఒక్క వల, ఒక్క దీమం పిట్ట (ఎరగా కట్టే పెంపుడు పిట్ట) లేకుండా చేసినా కముజు తిరిగి రాదు. వచ్చి ఎక్కడుంటుంది? దాని ఇల్లు గట్టు మీది గడ్డి. ఆ గడ్డిని మనం గీకేశాం, కాల్చేశాం, మిగిలినదానికి గడ్డి మందు కొట్టాం.

కముజు చెట్టు మీద గూడు కట్టదు. రాత్రి పడుకోవడానికి ముళ్లచెట్టు ఎక్కినా గుడ్డు మాత్రం నేల మీదే పెడుతుంది. గడ్డి దుబ్బు మొదట్లో అరచేతంత గుంట, అందులో నాలుగు ఎండు పరకలు, వాటి మీద పాలమీగడ రంగులో ఆరేడు గుడ్లు. పొదిగే పెట్టకి ఉన్న రక్షణల్లా కదలకుండా కూర్చోవడమే. మనిషి రెండడుగుల దూరానికి వచ్చినా లేవదు. బ్రష్ కట్టర్‌తో గట్టు కొట్టేటప్పుడు పెట్ట చచ్చిపోయేది అందుకే, లేచే అలవాటు దానికి లేదు. చెవులపిల్లీ అంతే. బొరియ తవ్వుకోదు. గడ్డిలో పొట్ట ఆనించి కూర్చుంటే దాని ఒళ్లంత గుంట పడుతుంది. అది లేచిపోయిన వెంటనే చెయ్యి పెడితే నేల ఇంకా వెచ్చగా ఉంటుంది. పిల్లల్ని కూడా పైనే, గడ్డి చాటునే ఈనుతుంది. గడ్డి లేని గట్టు మీద ఈ రెండూ బతికే దారే లేదు.

గడ్డి వదిలితే ఎలుక చేరుతుంది, తెగుళ్లు వస్తాయి అని రైతు అంటాడు. అతను చెప్పేది నిజం. లావు గట్టులో ఎలుక బొరియ పెడుతుంది. గట్టు మీది గడ్డిజాతి కలుపులో వరి పురుగులు, తెగుళ్లు దాక్కుంటాయి. అందుకే మొత్తం గడ్డి వదిలేయమని అడగడం లేదు. మడికీ మడికీ మధ్య గట్లు సన్నగా, పొట్టిగా, శుభ్రంగానే ఉంచుకోండి. వదలాల్సింది చేను చివర బోదె (పొలం పిల్లకాలువ) పక్కదో, మురుగు కాలువ పక్కదో, లంక అంచుదో ఒక్కటే గట్టు. అది పదడుగుల వెడల్పుకి తగ్గకూడదు. రెండడుగుల సన్న పట్టీ వదిలితే మేలుకన్నా కీడే ఎక్కువ. ముంగిస, కుక్క ఆ దారి పట్టుకుని చివరిదాకా వాసన చూసుకుంటూ పోతాయి, ఒక్క గూడూ మిగలదు. మీకు ఐదడుగులే ఉంటే అవతలి రైతుతో మాట్లాడి అతని ఐదడుగులూ కలపండి.

ఆ పట్టీలో ఏమీ నాటక్కర్లేదు. గరిక, తుంగ, దర్భ, రెల్లు వాటంతటవే వస్తాయి. మధ్యమధ్య ఒక రేగు కంప, ఒక ఈత పొద, తడి ఉన్నచోట మొగలి ఉంటే చాలు. మొగలి పొదని కొట్టేయకండి, నీటికోడికి గూడు దొరికేది అక్కడే. పర్యావరణం పేరు చెప్పి గట్టు పొడుగునా వరసగా చెట్లు నాటేవాళ్లకి నా మనవి ఒక్కటే: దట్టంగా నీడ పడితే కింద గడ్డి చస్తుంది, కొమ్మ మీద కూర్చున్న కాకి కోడిపిల్లంత కముజు పిల్లని సులువుగా ఎత్తుకుపోతుంది. ఇక్కడ కావాల్సింది గడ్డి.

గడ్డి మరీ ముదిరిపోతే కొట్టాలి, కానీ మొత్తం ఒకేసారి కాదు. ఈ ఏడాది సగం, వచ్చే ఏడాది మిగతా సగం. మోకాలి ఎత్తున కోయండి, నేలకి అంటకోయకండి. సార్వా (తొలకరి వరి) కోతలయ్యాక సంక్రాంతి, మాఘమాసం రోజుల్లో చేసేయండి. ఎండలు ముదిరాక కముజు గూడు కడుతుంది, వానలు పడ్డాక నీటికోడి కడుతుంది. అప్పుడు కత్తి పెట్టకూడదు. మురుగు కాలువ పూడిక తీసేటప్పుడూ ఇదే పద్ధతి. పొక్లెయిన్ రెండు ఒడ్లూ గొరిగేసి, బురదంతా జమ్ము మీదే పోస్తుంది. ఈసారి ఒక ఒడ్డు, మరుసటి సారి రెండో ఒడ్డు చేయమని నీటి సంఘం వాళ్లు గట్టిగా అడగాలి.

ఇక పురుగుమందు గుళికలు. నారుమడికి సెంటుకి 160 గ్రాములు, ఊడ్చిన (నాట్లేసిన) చేలో ఎకరానికి 10 కిలోలు కార్బోఫ్యూరాన్ 3జి చల్లడం మనకి ఎప్పట్నించో అలవాటు. పిట్టకి పళ్లుండవు, గింజ నలగడానికి కందనకాయలోకి ఇసకరేణువులు మింగుతుంది. గుళిక అచ్చం ఇసకరేణువులా ఉంటుంది. చిన్న పిట్టని చంపడానికి కొద్దిపాటి గుళికలే చాలు. ప్రమాదం మడి మధ్యలో కన్నా గట్టు మీదే ఎక్కువ, ఎందుకంటే సంచి విప్పేది, బేసిన్‌లోకి ఒంపేది, కింద పోసుకునేది అక్కడే. తప్పక వాడాల్సి వస్తే గోనె పరిచి దాని మీద ఒంపండి, కింద పడ్డవి మట్టిలో కప్పెట్టండి, మడిలో పల్చగా నీళ్లు నిలిపే చల్లండి, ఆ నీళ్లు బోదెలోకి వదలకండి. మొదట కాండం తొలిచే పురుగు నిజంగా ఉందో లేదో చూడండి. చాలాసార్లు పక్కవాడు చల్లాడని మనమూ చల్లుతున్నాం.

ఎలుకల మందు కూడా లెక్కగా పెట్టాలి. సాయంత్రం కన్నాలన్నీ మూసేసి, తెల్లారి తెరుచుకున్న వాటిలోనే బ్రోమాడయోలోన్ పొట్లం లోపలికంటా పెట్టాలి. గట్టు మీద విడిగా చల్లితే పూరేడు, కముజు తినేస్తాయి. మందు తిని బయటపడి చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టకపోతే వాటిని తిన్న గుడ్లగూబ చస్తుంది. ఉచిత ఎలుకల కాపలాదారుణ్ణి మన చేతులతో మనమే చంపుకున్నట్టు. ఎలుకల్ని పట్టే వెదురు బుట్టలు పెట్టేవాళ్లు దొరికితే మందు జోలికే పోవద్దు.

కోత మిషన్ సంగతి ఎవరూ మాట్లాడరు. డ్రైవరు చేను చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకుపోతాడు. చేలో ఉన్న ప్రాణులన్నీ నడుమ మిగిలిన వరిలోకి చేరతాయి, ఆఖరి రెండు చాళ్లలో బ్లేడు కింద పడతాయి, బయటికి దూకినవి కుక్కల నోట పడతాయి. మిషన్ తిరగడానికి రెండు చివర్లూ ముందు కోసేసి, ఆ తర్వాత గడ్డి పట్టీకి దూరంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి పట్టీ వైపు జరుగుతూ రమ్మనండి. ఆఖరి చాలు గడ్డి పక్కన పడితే అన్నీ అందులోకి దూరిపోతాయి. రాత్రి కోతలు వద్దు, లైటు మీద పడితే చెవులపిల్లి బిగుసుకుపోతుంది. కోత అయ్యాక దుబ్బులకీ, లంకలో రెల్లుకీ నాలుగు వైపులా నిప్పు పెట్టకండి.

చెరువుల వాళ్లకీ రెండు మాటలు. రొయ్యల చెరువు చుట్టూ పీతలు రాకుండా కట్టే ప్లాస్టిక్ షీటు మీకు అవసరమే, కాదనను. కానీ నీటికోడి పిల్లలు పుట్టిన రోజే నడక మొదలుపెడతాయి, ఆ షీటు దాటలేవు. రెండు చెరువుల మధ్య ఉమ్మడి గట్టుని షీటుకి బయట వదిలి, అది మురుగు కాలువ దాకా తెగకుండా ఉండేలా చూడండి. చెరువు మీద పిట్టలు వాలకుండా కట్టే, కనబడని సన్న నైలాన్ వలకి బదులు లావు తాడు కట్టి రంగు రిబ్బన్లు వేలాడదీయండి. చచ్చిన రొయ్య, చేప వ్యర్థాలు గట్టు మీద పారేయకండి. వాటి మీద బతికే కుక్కల గుంపే రాత్రిపూట చెవులపిల్లి కూనల్ని తినేస్తోంది.

ఎండాకాలం కాలువలు కట్టేశాక ఈ ప్రాణులకి తాగడానికి ఒక నీళ్ల గుంట కావాలి. నిలువు గోడల గుంట, ప్లాస్టిక్ షీటు పరిచిన గుంట పనికిరావు, దిగిన ప్రాణి పైకి ఎక్కలేక మునిగి చస్తుంది. ఒక పక్కన అడుగు లోతుకి నాలుగైదడుగుల వాలు పెట్టండి. అప్పటికే తవ్వేసిన గుంట అయితే వెదురు తడిక ఒకటి ఏటవాలుగా దించండి.

పుణ్యమని ఫారం కౌజు పిట్టలు కొని పొలంలో వదిలేవాళ్లున్నారు. దయచేసి మానండి. అవి జపాన్ జాతివి, తరాలుగా ఇంక్యుబేటర్‌లో పుట్టి పొదగడమే మరిచిపోయాయి. మన పూరేడుకి అవి బదులు కావు, రోగాలు మాత్రం అంటించగలవు.

పట్టీ వదిలిన ఏడాదే ఫలితం అడగకండి. మొదటి ఏడు గడ్డి, ఆ తర్వాత మిడతలు, చెదలు వస్తాయి. పిల్లలు మొదటి వారాల్లో బతికేది ఆ పురుగుల మీదే. కూత విందామంటే మాఘం నుంచి వైశాఖం దాకా, గాలి లేని రోజు చూసుకుని, సూర్యోదయానికి పావుగంట ముందు గట్టు చివర నిలబడండి. పది నిమిషాల్లో ఎన్ని దిక్కుల నుంచి కూత వచ్చిందో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు అదే వారం, అదే చోట మళ్లీ నిలబడండి.